వరసలో లేని మాట

2005 సెప్టెంబరు 21. బుధవారం. ఉదయం ఎనిమిదీ నలభై.

జయశ్రీ పోలీస్ స్టేషన్ మెట్లెక్కింది. కాళ్ళకి చెప్పుల్లేవు. ఆ సంగతి ఆమెకి తెలిసినట్టు కూడా లేదు.

"మా అన్నయ్య కనపట్టంలేదు సార్. నిన్న తెల్లారగట్ట ఎల్లేడు. మరి రాలేదు."

సబ్ ఇన్‌స్పెక్టర్ అప్పలసూరి కాగితం దగ్గరికి లాక్కున్నాడు. డొంకూరు జాలరిపేటలో పుట్టి, కానిస్టేబుల్‌గా చేరి, పాతికేళ్ళకి ఎస్సై అయిన మనిషి. ఇంటర్ ఇంగ్లీషు రెండుసార్లు తప్పాడు. ఓపిక తక్కువ. చెవులు మాత్రం పాముచెవులు.

"పేరు?"

"తారకేశ్వరరావు. ఇంగ్లీషు మాస్టారు. యాభయ్యారేళ్ళు. మాది నేరేడుపుట్టుగ. మాతోనే ఉంటాడు. వదిన పోయి పదేళ్ళయింది."

"ఎక్కడికెళ్ళాడు?"

"విశాఖపట్నం. డయాలసిస్‌కి. మంగళవారం ఒకసారి, శనివారం ఒకసారి. మూడేళ్ళయి ఇదే తిరుగుడు. మా ఆయన బండి మీద పలాస టేసన్‌లో దింపేడు. రాత్రికి రాలేదు. ఆస్పత్రికి ఫోన్ సేత్తే అసలు రానేలేదన్నారు."

"ఎవరితోనైనా గొడవ?"

జయశ్రీ తల దించుకుంది.  

"సెప్పమ్మా."

"శుక్రవారం ఆపరేషన్ సార్. నా కిడ్నీ ఒకటి అన్నయ్యకి ఇత్తన్నాను. అది మా ఆయనకి ఇష్టంలేదు. ఆదివారం ఇద్దరూ అరుసుకున్నారు."

తొమ్మిదీ పదిహేనుకి అప్పలసూరి ఆస్పత్రికి ఫోన్ చేశాడు. డాక్టరు గొంతులో తొందర వినిపించింది.

"శనివారం తర్వాత ఆయనకి డయాలసిస్ జరగలేదు. ఒంట్లో నీరు పేరుకుంటుంది. ఊపిరితిత్తుల్లోకి దిగితే మనిషి కూర్చున్నచోటే పోతాడు. ఈ రాత్రికి మెషీన్ మీద ఉండాలి. రేపు అంటే నేను హామీ ఇవ్వలేను."

అప్పలసూరి గోడ గడియారం వంక చూశాడు. ఇంతకాలం శవాలు దొరికాక పరుగెత్తాడు. ఇప్పుడు శవం కాకముందే మనిషిని పట్టుకోవాలి.

తొమ్మిదీ యాభైకి కానిస్టేబుల్ సూర్యం మహీధర్‌ని తీసుకొచ్చాడు. జయశ్రీ భర్త. కొబ్బరి తోటలూ జీడి తోటలూ ఉన్నవాడు. ఊళ్ళో కనిపిస్తే పదిమందీ లేచి నిలబడే మనిషి ఇవాళ తనే నిలబడ్డాడు.

"బావని ఎన్నింటికి దింపావు?"

"ఆరూ పదికి సార్. టేసన్ గేటు కాడ."

"రైలెక్కడం చూశావా?"

"లేదు. కొబ్బరికాయలు దింపడానికి మనుషులు తోటకొచ్చేత్తారని బేగి ఎనక్కొచ్చేసేను."

"ఎవరైనా చూశారా?"

"అంత పొద్దున్న ఎవులు సూత్తారు సార్?"

"చేతిలో ఏముంది?"

"సంచీ. బరువుగా ఉంది. ఏటుంది బావా అనడిగితే మందులన్నాడు."

"ఆదివారం ఏమన్నావు?"

"నా పెళ్ళాం ఒళ్ళు కోయించుకోదు అన్నాను. ఆగితే నువ్వొక్కడివే పోతావు, కోత్తే ఇద్దరూ పోతారు అని కూడా అన్నాను. కోపంలో అన్నాను సార్. మా అమ్మ దీంతోనే పోయింది. మా సిన్నాన్న దీంతోనే. ఉద్దానంలో ఇంటికొకలికి ఈ కిడ్నీ జబ్బే. నాకు బయ్యం."

అప్పుడే సూర్యం లోపలికి పరుగెత్తుకొచ్చాడు. మహీధర్ మోటార్‌సైకిల్ పక్కపెట్టెలోంచి ఆకుపచ్చ ఫైల్ ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. మాస్టారి డయాలసిస్ ఫైల్.



"ఆస్పత్రికెళ్ళే మనిషి ఫైల్ నీ బండిలో వదిలేసి వెళ్తాడా?"

"అదక్కడెలాగుందో నాకు తెల్దు. ఒట్టు సార్. మా పిల్లగుంటల మీద ఒట్టు."

జయశ్రీ భర్త ముఖంలోకి చూసింది. ఆ చూపులో ప్రశ్న ఉంది. ఆ ప్రశ్న మహీధర్ చూశాడు. లాకప్ తలుపు పడ్డ చప్పుడు కంటే అదే అతన్ని ఎక్కువ కుంగదీసింది.

పదకొండూ నలభైకి జీపు నేరేడుపుట్టుగ చేరింది. కొబ్బరి చెట్ల మధ్య పెంకుటిల్లు. మాస్టారిది వీధి అరుగు మీది గది. తలుపుకి తాళం లేదు.

"ఎప్పుడూ వెయ్యరా?"

"పుస్తకాలు ఎవులెత్తుకుపోతారు సార్?" అంది జయశ్రీ.

మంచం. మందుల డబ్బా. కొలిచి తాగడానికి నీళ్ళ సీసా. గోడవారగా ఇంగ్లీషు పేపర్ల దొంతర, నడుమెత్తు. పుస్తకాల అరలో మాత్రం దుమ్ము లేని చోటు ఒకటి, ఇటుకంత వెడల్పు.

"ఇక్కడేముండేది?"

"డిక్సనరీ. పెద్దది. ఎక్కడికెల్లిందో మరి."

అప్పలసూరి దొంతర మీది పేపరు తీశాడు. 19 సెప్టెంబరు, సోమవారం. మడిచిన పేజీలో చిన్న గడి. దాని పక్కన పెన్సిలుతో గుండ్రటి దస్తూరి.

"ఇదేమిటమ్మా?"

"మాటల ఆట సార్. పేపరోడు కొన్ని అచ్చరాలిత్తాడు. అవన్నీ ఉండే మాటలు ఎతకాలి. మాటలో ఎన్ని అచ్చరాలుండాలో కూడా ఆడే సెప్తాడు. అన్నయ్య పదకొండేళ్ళయి ఒక్కరోజు మానలేదు. డయాలసిస్ మిషన్ మీద కూడా అదే పని. సూది గుచ్చిన సెయ్యి కదపకూడదు కదా, ఎడం సేత్తో రాసేవోడు."

సూర్యం డిగ్రీ చదివినవాడు. పేపరు అందుకున్నాడు. "ఆరు అక్షరాల మాటలు. కె, ఎన్, డి, మూడూ ఉండాలి. ముందు వెనకలు ఎలాగున్నా పర్లేదు. పన్నెండు దొరికితే ఘటికుడివి అని వేశాడు సార్. మాస్టారు పదకొండు రాశారు." వేలు పెట్టి చదవసాగాడు. ఉన్నట్టుండి వేలు ఆగింది. గొంతు పెరిగింది. "సార్! నాలుగోది చూడండి! కిడ్నాప్! కిడ్నాప్ అని రాశారు! మనకి కబురు పెట్టారు సార్!"

అప్పలసూరి పేపరు లాక్కుని చూశాడు.

"ఓరి నీ తెలివి తెల్లారా. దాంట్లో కె లేదా? ఎన్ లేదా? డి లేదా? ఆరు అక్షరాలు అవునా కాదా? ఆటకి సరిపోయింది, రాశాడు. దాని పైన డాంకీ కూడా ఉంది. అది నీకు కబురా?"

అప్పలసూరి పేపరు మడిచి జేబులో పెట్టుకున్నాడు. సోమవారం ఆట సోమవారం ఆడాడు, మంగళవారం వెళ్ళాడు. ఇందులో వింతేమీ లేదు. అలాగనే అనుకున్నాడు.

పన్నెండూ పది. సెంటర్‌లో టీ కొట్టు దగ్గర జీపు ఆగింది. బెంచీ మీద పేపర్ల ఏజెంటు ఢిల్లీబాబు కూర్చుని చెమట తుడుచుకుంటున్నాడు. అతని సైకిలు క్యారియర్ ఖాళీ.

"మాస్టారికి పేపరేసేది నువ్వేనా?"

"నానే సార్. ఇందాకా ఏసేను. పదకొండుకి. నిన్నటి పేపరు."

"నిన్నటిది ఇవాళేటి?"

ఢిల్లీబాబు జాలిగా నవ్వాడు. "మీరు పలాసలో ఉంటారు సార్. మీకు మధ్యాన్నం రైల్లో దిగిపోద్ది. ఈ ఊళ్ళకొచ్చే ఇంగ్లీషు పేపర్లు మూడు. మూడింటికోసం మళ్ళీ సైకిలెవులు తొక్కుతారు? మర్నాడు తెలుగు పేపర్లతో కలిపి పట్టుకొస్తాను. ఇక్కడోళ్ళకి నిన్నటి తారీకే ఇవాళ. ఎవులూ ఏటీ అనుకోరు."

అప్పలసూరి టీ గ్లాసు బెంచీ మీద పెట్టేశాడు.

"సోమవారం తారీకు పేపరు ఎప్పుడేశావు?"

"నిన్న. మంగళారం. పదకొండుకే."

మాస్టారు ఇల్లు వదిలింది మంగళవారం తెల్లవారుజామున అయిదున్నరకి. ఆ పేపరు అరుగు మీద పడింది పదకొండుకి. పెన్సిల్ రాత మాస్టారిది. అంటే మహీధర్ చంపేశాడనుకున్న మనిషి, ఆ తర్వాత ఎక్కడో కూర్చుని తాపీగా మాటలు వెతుక్కున్నాడు!

అప్పలసూరి తన నుదురు తనే కొట్టుకున్నాడు. సొంత జిల్లావాడు, పలాసలో నాలుగేళ్ళు కూర్చునేసరికి పక్క ఊరి అలవాటు మరిచిపోయాడు. ఆ మరుపుకి ఒక మనిషి లాకప్‌లో కూర్చున్నాడు.

"ఇవాళేసిన పేపరు అరుగు మీద లేదు. ఎవరు తీశారు?"

"నాకేటి తెల్సు సార్?"

"నువ్వు వేసినప్పుడు అక్కడెవరున్నారు?"

ఢిల్లీబాబు ఆలోచించాడు. "సేపల కన్నయ్య మోపెడ్ ఆగుంది. నిన్నా ఉంది, ఇవాళా ఉంది. భావనపాడోడు. రోజూ ఊళ్ళ మీద సేపలమ్ముకుంటాడు."

జీపులోంచి జయశ్రీ తల బయట పెట్టింది. "కన్నయ్యా? అన్నయ్య దగ్గర సదువుకున్నాడు సార్. మేస్టారంటే పేనం. కానీ నిన్న మేము సేపలు కొన్లేదే!"

జీపు కదిలింది. రోడ్డుకి అటూ ఇటూ జీడి తోటలు. అప్పలసూరి పేపరు మళ్ళీ తీశాడు.

కిడ్నాప్ చేసినవాడు మనిషికి నాలుగు కిలోల డిక్షనరీ మోసుకెళ్ళనిస్తాడా? ఇవ్వడు. పేపరు తెచ్చిపెడతాడా? పెట్టడు. అదే పేపరు తిరిగి దొంతర మీద పెట్టించింది ఎవరు? పదకొండేళ్ళ వరస తప్పితే నిద్రపట్టని మనిషే పెట్టించాలి. మాస్టారు తనే వెళ్ళాడు. ఫైల్ కావాలనే బండిలో వదిలేశాడు. ఆస్పత్రికి వెళ్ళే ఉద్దేశమే లేదు.

కానీ ఎందుకు?

మాటలు ఒక్కొక్కటే చదివాడు. డార్కెన్. డాంకీ. డంక్డ్. కిడ్నాప్. కైండర్. కిండిల్. కైండ్లీ. లింక్డ్. ర్యాంక్డ్. చివర్న అన్‌కైండ్, వింక్డ్.

"అమ్మా, మీ అన్నయ్య నోటికొచ్చినట్టు రాస్తాడా, వరసగానా?"

"డిక్సనరీ ముందేసుకుని వరసగా సార్. ఒక్క మాట ముందుదెనక్కి రాదు."

కిడ్నాప్ తర్వాత కైండర్. మధ్యలో ఒకటి జారిపోయింది. ఇంటర్ ఇంగ్లీషు రెండుసార్లు తప్పిన అప్పలసూరికి కూడా అది తెలుసు. ఉద్దానంలో బడి మెట్టెక్కని ముసలమ్మకీ తెలుసు. పేపరువాడు చెప్పిన పన్నెండోది అదే.

కిడ్నీ.

డిక్షనరీలో కిడ్నాప్ కిందే ఉంటుంది. మూడేళ్ళుగా దాంతో బతుకుతున్నవాడికి కనపడకుండా ఎలా పోతుంది? కనపడింది. రాయలేదు. ఆ మాటని చూడలేక దాటిపోయాడు.

"ఆపరేషన్ నుంచి పారిపోయాడు" అన్నాడు అప్పలసూరి, తనలో తనే.

ఒంటిగంటా నలభైకి కన్నయ్య రెండు ఊళ్ళవతల దొరికాడు. ఒక ఇంటి ముందు మోపెడ్ ఆపి కవళ్ళ చేపలు తూస్తున్నాడు. పోలీసుల్ని చూడగానే తక్కెడ వంకరపోయింది.

"మాస్టారెక్కడరా?"

"ఏ మేస్టారు బాబూ?"

అప్పలసూరి చేపల పెట్టె మీది గోనె ఎత్తాడు. కింద ప్లాస్టిక్ కవరు. కవరులో ఇంగ్లీషు పేపరు. 20 సెప్టెంబరు, మంగళవారం.

"సేపలు సుట్టడానికి ఇంగ్లీషు పేపరు కావాలేటిరా? నానూ జాలరోణ్ణే. మా అయ్య కూడా కవళ్ళమ్మేడు."

కన్నయ్య తక్కెడ కింద పెట్టేశాడు. "ఒట్టేయించుకున్నారు బాబూ. ప్యాసింజర్‌లో నౌపడలో దిగుతాను, బండట్టుకుని రా అన్నారు. ఉప్పు మళ్ళ కాడ మా మావ గుడిసెలో ఎట్టేను. శనారం దాకా ఎవులికీ సెప్పొద్దన్నారు. ఆపరేసనంటే బయ్యమనుకున్నాను."

"శనివారానికి శవాన్ని అప్పజెప్తావా? డయాలసిస్ లేకపోతే మనిషి బతకడని నీకు తెలీదా?"

"రాత్రి నుంచీ ఆయాసం అంతన్నారు. పడుకోలేపోతన్నారు. పొద్దున్న ఆస్పత్రికెల్దారండీ అన్నానని కోప్పడ్డారు." కన్నయ్య ఏడవడం మొదలెట్టాడు. "నాకు తెల్దు బాబూ. సూదీ మందూ అలాటిదే అనుకున్నాను."

అప్పలసూరి సూర్యాన్ని స్టేషన్‌కి తరిమాడు. మహీధర్‌ని విడిపించి నేరుగా నౌపడ తీసుకురమ్మన్నాడు.

మూడూ ఇరవై. నౌపడ. కంటికి ఆనినంత మేరా ఉప్పు మళ్ళు. కన్నయ్య చూపించిన గట్టు మీద తాటాకు గుడిసె. ఒక్కటే తలుపు. కిటికీ లేదు.

మాస్టారు నేల మీద గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ముఖం ఉబ్బి కళ్ళు పూడిపోయాయి. ఊపిరి తీసినప్పుడల్లా భుజాలు లేస్తున్నాయి. ఒళ్ళో డిక్షనరీ.

జయశ్రీ "అన్నయ్యా" అంటూ వెళ్ళి పక్కన కూలబడింది. రెండు నిమిషాల్లో సూర్యం మహీధర్‌తో వచ్చాడు. గుడిసె నిండిపోయింది. అందరూ వంగి నిలబడాల్సి వచ్చింది.

"మీ బావగారు పొద్దుట్నుంచీ లాకప్‌లో ఉన్నారు మాస్టారూ" అన్నాడు అప్పలసూరి. "మిమ్మల్ని చంపేశాడని. ఆ తప్పు నాది. ఫైల్ ఆయన బండిలో వదిలింది మాత్రం మీరు."

మాస్టారు తలెత్తాడు. ఇది ఆయన ఊహించలేదు. "మహీ... నన్ను క్షమించు."

"బతికున్నావు. అది సాలు బావా" అన్నాడు మహీధర్.

అప్పలసూరి నాలుగు మాటల్లో అంతా చెప్పాడు. మర్నాడొచ్చే పేపరు సంగతి, కన్నయ్య మోపెడ్, రాయకుండా వదిలేసిన మాట. "డిక్షనరీ ముందున్నా అదెందుకు వదిలేశారు?"

"చెయ్యి రాలేదు" అన్నాడు మాస్టారు. ఒక్కో మాటకీ ఊపిరి తీసుకుంటున్నాడు. "ఇన్‌స్పెక్టర్ గారూ. నేను తప్పిపోలేదు. దాక్కున్నాను. దానికి ఏ సెక్షనూ లేదు. వెళ్ళిపొండి."

"వెళ్తాను. ఒక్క సంగతి తేలలేదు. ఆపరేషన్ వద్దంటే ఒక్క ముక్క చెబితే పోయేది. ఎవరూ కట్టేసి కిడ్నీ పెట్టరు. ప్రాణం పోయేలా దాక్కోవడం ఎందుకు?"

మాస్టారు ఉబ్బిన రెండు చేతులూ డిక్షనరీ మీద బిగించాడు. అప్పలసూరి ఆ చేతుల వంకే చూశాడు. నీరసించిన మనిషి అంత బరువు ఒళ్ళోంచి ఎందుకు దించడంలేదు?

వంగి, ఆ చేతులు మెల్లగా విడదీశాడు. పేజీల మధ్య పోస్టు కవరు ఒకటి. విశాఖపట్నం లేబొరేటరీది. చిరునామాలో పేరు మాస్టారిది కాదు.

"అది నా పేరే కదేటి?" అంది జయశ్రీ. తెలుగు చదవడం తప్ప ఇంగ్లీషు రాకపోయినా, తన పేరు ఆమెకి తెలుసు. "పోయినారం ఆపరేసన్‌కని నాకు రగతం తీసేరు. దాని రిపోర్టా?"

"ఇవ్వకండి" అన్నాడు మాస్టారు. ఆజ్ఞాపించాలనుకున్నాడు గానీ బతిమాలినట్టయింది. "సోమవారం పోస్టులో వచ్చింది. ఇవ్వకండి సార్. మీకు దణ్ణం పెడతాను."

అప్పలసూరి కాగితం మీద ఒకసారి కళ్ళు తిప్పాడు. పాతికేళ్ళ ఉద్యోగంలో ఎన్నో చావు కబుర్లు మోశాడు. ఈ కాగితం వాటన్నిటికంటే బరువనిపించింది. దాచేస్తే చెల్లెలికి అన్యాయం, ఇచ్చేస్తే అన్నకి. మధ్యలో తను ఇరుక్కున్నాడు.

"ఇది ఆవిడ ఉత్తరం మాస్టారూ. దాచే హక్కు మీకూ లేదు, నాకూ లేదు."

ఇచ్చేశాడు.

"అంతా ఇంగ్లీషులో ఉంది జయా. నీకు తెలీదు. తర్వాత నేను చదివి చెప్తాను" అన్నాడు మాస్టారు ఆత్రంగా.

జయశ్రీ వేలు కాగితం మీద కిందికి జారింది. తడుముకోలేదు. నాలుగో గీత దగ్గర ఆగింది.

"క్రియాటినిన్. రెండు పాయింట్ తొమ్మిది."



"మూడేళ్ళు నీ కాయితాలు మోసింది నానే కదా అన్నయ్యా. ఒకటిన్నర దాటితే కిడ్నీలు పాడైనట్టే. ఈ అంకె సదవడానికి ఇంగ్లీషు కావాలేటి?"

మహీధర్ వచ్చి భార్య పక్కన కూర్చున్నాడు.

"నువ్వు ఆస్పత్రికి వెళ్తే డాక్టరు చెప్పేస్తాడు" అన్నాడు మాస్టారు. కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి లేవలేదు. "నువ్వు వెళ్ళకూడదంటే నేను లేకుండా పోవాలి. నాకీ జబ్బుందని తెలిసిన రోజునుంచీ నేను బతికింది ఒక బతుకా? కొన్నాళ్ళైనా నువ్వు తెలియకుండా బతుకుతావని..."

"తెలీకపోతే తగ్గిపోద్దేటి?"



జయశ్రీ కాగితం మడిచింది. ఇప్పుడు ఏడుపొచ్చింది ఆమెకి.

"నాకు బయ్యంగా ఉంది అన్నయ్యా. ఆ ఆస్పత్రిలో ఏ గదిలోకెల్లాలో నాకు తెల్దు. ఏ కాయితం ఎవులికియ్యాలో తెల్దు. సూది గుచ్చితే ఎంత నొప్పో, ఎన్ని నీల్లు తాగాలో, అన్నీ నీకే తెలుసు. నువ్వు సచ్చిపోతే నన్నెవులు తీసుకెల్తారు?"

మాస్టారు చెల్లెలి వంక చూశాడు. బయట ఉప్పు లారీకెత్తుతున్న పారల చప్పుడు.

తర్వాత ఉబ్బిన చెయ్యి ముందుకి చాపాడు.

"మహీ. లేపు."

మహీధర్ ఒక పక్కా కన్నయ్య ఒక పక్కా పట్టుకున్నారు. గట్టు మీద నుంచి జీపు దాకా మోసుకెళ్ళారు. జయశ్రీ ఆయన తల తన భుజానికి ఆనించుకుని కూర్చుంది.

మూడూ యాభైకి ఇంజను స్టార్టయింది. అప్పలసూరి డాక్టరుకి ఫోన్ చేశాడు.

"దొరికారు. ప్రాణంతో ఉన్నారు. ఏడున్నరకల్లా అక్కడుంటాం. మెషీన్ ఖాళీగా ఉంచండి."

"తప్పకుండా. పేషెంటుతో ఎవరొస్తున్నారు?"

అప్పలసూరి వెనక్కి తిరిగి చూశాడు. ఆ అన్నాచెల్లెళ్ళలో ఎవరు ఎవర్ని పట్టుకున్నారో తెలియడంలేదు.

"పేషెంట్లు ఇద్దరు డాక్టరు గారూ" అన్నాడు.